నెట్ సెంటరు తీగ మీద గోరింకలు

వీరవేణి పొద్దున్నే షట్టరు ఎత్తి, గుమ్మంలో చెంబెడు నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు వేసేది. లోపలికొచ్చి ఐదు కంప్యూటర్లకూ పాత చీర ముక్కతో దుమ్ము దులిపేది. రెండు అగరొత్తులు వెలిగించి ఒకటి గోడ మీది వినాయకుడికి, ఇంకొకటి బల్ల మీది మోడెముకు చూపించేది. వినాయకుడు ఎక్కడికీ పోడు, మోడెము సంగతి అలా చెప్పలేం కనుక దణ్ణం దానికే కాస్త ఎక్కువసేపు పెట్టేది. దాని పచ్చ దీపం వెలిగే వేళకు బయట టెలిఫోన్ తీగ మీద గోరింకలు వచ్చి, రెక్కలు దులుపుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ సర్దుకు కూచునేవి.

నిడదవోలు స్టేషను రోడ్డులో ఆ కొట్టు ఒకప్పుడు ఎస్టీడీ బూతు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి బూతు మూలపడ్డాక వీరవేణి దాన్ని నెట్ సెంటరు చేసింది. బూతు రోజుల్లోనూ గోరింకలు ఆ తీగ మీదే ఉండేవి గానీ, రెండువైపుల నుంచీ మాటలు ఒక్కసారిగా వచ్చి పడుతుంటే వాటికి ఏదీ పట్టుబడేది కాదు. ఇంటర్నెట్టు వచ్చాక సుళువైంది. లోపల ఎవరేది అడిగినా, ఆ మాట తీగలో పడగానే గోరింకల కాళ్ళకు తగిలేది. కాళ్ళకు తగిలింది మరుక్షణం నోటికి వచ్చేది. వాటి నోట్లో నువ్వుగింజ నానదు.

"కర్రి సూర్యారావు గారు మోకాళ్ళ నొప్పికి మందు అడుగుతున్నారు!" అని ఒక గోరింక అరిస్తే, "నిన్న కాశీ రైలు అడిగారు, మొన్న బంగారం ధర అడిగారు!" అని పక్కది అందుకునేది.

ఊరికి ఇది బాగానే ఉండేది. సూర్యారావు గారు ఇల్లు చేరేలోపే మూడిళ్ళ నుంచి మూడు రకాల తైలాలు వచ్చి అరుగు మీద కూచునేవి. ఎవరి పిల్లయినా నర్సింగు కాలేజీ గురించి అడిగిందని గోరింక చెప్తే, ఆ కాలేజీలో తెలిసినవాళ్ళున్న మేనత్తో, మేనత్త తోడికోడలో పరుగున వచ్చేది. మేలు చేసిన నోటికి మెతుకు పెట్టాలి కదా అని జనం తీగ కింద గుప్పెడు నూకలు చల్లి పోయేవారు.

ఆ తీగ కిందే బుల్లిరాజు టీ కొట్టు. గోరింకల మాట వినేందుకు సాయంత్రమయ్యేసరికి జనం చేరేవారు. విన్నవాళ్ళు ఊరికే ఉండరు, టీ తాగుతారు. ఒక బెంచీ ఉన్నచోట బుల్లిరాజు నాలుగు వేశాడు. వాటిలో నీడపట్టున ఉండే బెంచీ రామతులసి గారిది. మెయిన్‌రోడ్డు వెనక ఆవిడకు రెండంతస్తుల ఇల్లుంది. మేడ మీది వాటా అద్దెకిచ్చి, కింద ఒక్కర్తే ఉండేది. ఆవకాయ పెడితే అద్దెకున్నవాళ్ళకు ఒక జాడీ ఇవ్వకుండా తాను ముద్ద ముట్టని మనిషి. అంత మంచిదీ, పోయినేడు గోరింక నోట ఒక మాట విని, అప్పుడు మేడ మీదున్నవాళ్ళ చేత వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయించింది.

వాళ్ళ తర్వాత ఆ వాటాలోకి దిగిన అమ్మాయే ఆశాజ్యోతి. మిషను స్కూల్లో టీచరు. భర్త విజయ్ పాల్ అదే స్కూలు ఆఫీసులో గుమాస్తా.

ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం, ఎండకు బెంచీలు కూడా ఖాళీగా ఉన్న వేళ, ఆశాజ్యోతి నెట్ సెంటరు మెట్లెక్కింది. కంప్యూటరు ముందు కూచోలేదు. కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"వీరవేణి గారూ, గోరింకలకు తెలియకుండా ఒక మాట అడగడం కుదురుతుందా అండి?"

"కుదరదండి. కుదిరితే నేనే ఎప్పుడో అడుగుదును" అని నవ్వింది వీరవేణి. ఎదుటి మనిషి నవ్వలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వీరవేణి కుర్చీ లాగి కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"నాకు మూడో నెలండి" అంది ఆశాజ్యోతి. "రక్తపరీక్షలో ఒక జబ్బు బయటపడింది. కాగితం నా చేతిలో పెట్టి, ఇక మా ఆసుపత్రికి రావద్దన్నారు. ఇంకేమీ చెప్పలేదు. బిడ్డకూ వస్తుందో రాదో తెలియదు. ఉంచుకోవాలో వద్దో ఆదివారంలోగా తేల్చుకుందామంటున్నారు మా ఆయన. నాకు ఉంచుకోవాలనుందండి. పెళ్ళైన ఆరేళ్ళకు కాసిన కాయండి."

జబ్బు పేరు కూడా చెప్పబోయింది. వీరవేణి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండండి. అది నాతో చెప్పక్కర్లేదు. రాజమండ్రి వెళ్ళి అక్కడ అడగలేరా?"

"అక్కడ మా అత్తగారి వాళ్ళున్నారు. అక్కడి గోరింకలు ఊరూ పేరూ కూడా చెప్తాయంటండి. ఆ మాట ఒక్కసారి పైకొచ్చిందంటే మాకు ఇల్లుండదు, స్కూలుండదు. చర్చిలో మా బెంచీ మీద ఇంకెవరూ కూచోరు."

ఆ జబ్బు పేరు ఈ కథలో కూడా రాదు. గోరింకలకు దక్కనిది చదివేవాళ్ళకు మాత్రం ఎలా చెప్తాం? మనుషులు భయపడే జబ్బు, తాకితే అంటుకుంటుందని తప్పుగా నమ్మే జబ్బు అని మాత్రం తెలిస్తే చాలు.

"గురువారం సాయంత్రం రండి" అంది వీరవేణి. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. చేతకాని పనికి మాటిచ్చేశానే అని ఆ పూట అన్నం కూడా సయించలేదు.

బ్రౌజరంటే ఇంటర్నెట్టులోకి వెళ్ళే గుమ్మం. సెర్చింజనంటే ఆ గుమ్మం దాటాక దారి చెప్పే మనిషి. ఇన్నాళ్ళూ వీరవేణి కంప్యూటర్లన్నిటిలో, కొన్నప్పుడు కుర్రాళ్ళు పెట్టిచ్చిన గుమ్మమే ఉంది, లోకమంతా అడిగే దారిమనిషే ఉన్నాడు. వేరే గుమ్మాలుంటాయని తెలిసినా అవసరం పడలేదు. ఇప్పుడు పాత కంప్యూటరు పత్రికలన్నీ దింపి, వాటితో ఉచితంగా వచ్చిన సీడీలు బయటికి తీసింది. ఏ బ్రౌజరు మనిషి గుట్టు కాస్తుందో ఎలా తేల్చాలి? అట్ట మీద ఏం రాసుకున్నా అది వాళ్ళ సొంత డబ్బా. సిసలైన పరీక్షాధికారులు బయట తీగ మీద ఉన్నారు కదా అనుకుంది.

బుధవారం పొద్దున మూల కంప్యూటరు ముందు కూచుని, ముందు పాత బ్రౌజరులోనే "గుత్తివంకాయ కూర" అని అడిగి బయటికొచ్చి నిలబడింది.

"వీరవేణి గుత్తివంకాయ కూర అడిగింది! మొన్న రవ్వదోసె పిండి అడిగింది! మొగుడికి జుట్టు ఊడకుండా నూనె అడిగింది!" అని తీగ అదిరిపోయేలా అరిచాయి గోరింకలు. వీరవేణి మొహం ఎర్రబడింది. మధ్యాహ్నానికి పక్కింటి నుంచి గిన్నెడు వంకాయ కూర రానే వచ్చింది.

రెండో బ్రౌజరు అట్టనిండా "మీ గుట్టు మా గుట్టు" అని రాసుకుంది. దాన్లో అడిగితే గోరింకలు ఇంకా శ్రావ్యంగా, "గుత్తివంకాయకు మసాలా కావాలా? ఆలసించిన ఆశాభంగం!" అని పాట అందుకున్నాయి. కాసేపటికి సైకిలు మీద మసాలా పొడుల మనిషి వచ్చి గుమ్మంలో బెల్లు కొట్టాడు. ఆ సీడీని వీరవేణి టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పక్కన పడేసింది.

మూడోది చిన్న బ్రౌజరు, ఆర్భాటం లేదు. మూసెయ్యగానే నీ జాడలన్నీ చెరిపేస్తానంది. దాన్లోంచి పాత దారిమనిషినే అడిగింది. "ఎవరో గుత్తివంకాయ కూర అడుగుతున్నారు, ఎవరో!" అన్నాయి గోరింకలు. పేరు పోయింది, మాట మిగిలింది. లాభం లేదు. బెంచీ మీదివాళ్ళకు లోపలికెళ్ళినవాళ్ళెవరో కళ్ళెదుటే కనబడుతుంటారు.

అడిగినవాళ్ళెవరో రాసిపెట్టుకోని సెర్చింజనులు కొన్ని ఉన్నాయని ఒక పత్రికలో చదివింది. వాటిలో ఒకదాన్ని పాత బ్రౌజరులోంచి అడిగి చూసింది. "వీరవేణి ఏదో అడిగింది! ఏంటో తెలియట్లేదు! ఏదో అడిగింది!" అని గోరింకలు గోల. అది మరీ ప్రమాదం. "ఏంటమ్మా అడిగావ్?" అంటూ బుల్లిరాజు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

చివరికి ఆ చిన్న బ్రౌజరునీ, రాసిపెట్టుకోని సెర్చింజనునీ కలిపింది. మాట తాళం వేసుకుని వెళ్ళే దారిలోనే పంపమని అందులో ఉన్న గడికి టిక్కు పెట్టింది. గుత్తివంకాయ కూర అని కొట్టి, బయటికొచ్చింది. తీగ మీద ఒక గోరింక మెడ వంచి తన కాలు తాను చూసుకుంది. కాలెత్తి విదిలించింది. మళ్ళీ తీగ మీద పెట్టి కాసేపు ఆగి, నోరు తెరిచి, ఏమీ దొరక్క ఆవలించింది. వీరవేణికి ఆ ఆవలింత చూసి ఏడుపొచ్చినంత పనైంది. గుప్పెడు నూకలు తెచ్చి అక్కడే చల్లింది.

గురువారం సాయంత్రం ఆశాజ్యోతి వచ్చింది. వీరవేణి ఆమెను మూల కంప్యూటరు ముందు కూచోబెట్టి, తాను అటు తిరిగి కౌంటరులో కూచుంది. మిగతా నాలుగు కంప్యూటర్ల ముందూ మనుషులున్నారు. గోరింకలు ఒక్కొక్కరి మాటే వరసగా బయటపెడుతున్నాయి. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా గుమ్మంలో నీడ పడింది. రామతులసి గారు.

"ఏమ్మా ఆశాజ్యోతీ, అందరి మాటా పైకొచ్చింది, నీ మాట రాలేదేంటి? ఆ మూల కంప్యూటరు పాడైందా?"

"లేదండి..." అని ఆశాజ్యోతి గబుక్కున లేచి నిలబడింది.

"మరి? మనలో మనకు దాపరికం ఏంటమ్మా? అంత దాచుకోవాల్సిన మాట ఏముంటుంది?" కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోతూ అంది. అదే ఎక్కువ భయపెట్టింది. ఆశాజ్యోతి అన్నీ మూసేసి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వీరవేణికి అప్పుడు తెలిసొచ్చింది తాను చేసిన పొరపాటు. ఊరంతా నోరు తెరుచుకున్నచోట ఒక్కరి నోరే మూసుకుంటే అందరి కళ్ళూ ఆ నోటి మీదే పడతాయి. తాను ఆ పిల్లకు చాటు ఇవ్వలేదు, వీధి మధ్యలో ముసుగేసి నిలబెట్టింది. ఆ సంగతి తలచుకుంటే సిగ్గేసింది. శుక్రవారం షట్టరు సగం దించి, ఐదు కంప్యూటర్లలోనూ పాత బ్రౌజరు తీసేసి, చిన్నదాన్నీ, రాసిపెట్టుకోని సెర్చింజనునీ పెట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి బుల్లిరాజు షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. విషయం అర్థమయ్యాక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అన్నీ మూగవైపోతే నా బెంచీల గతేంటమ్మా? నా సంగతి సరే, నీ సంగతేంటి? సగం మంది నీ దగ్గరకొచ్చేది ఊరు వినాలనేగా!"

"అవునండి."

"పిల్లలేం చూస్తున్నారో పెద్దాళ్ళకు తెలియొద్దా? సూర్యారావు గారికి తైలం ఎవరిస్తారు?"

"కావాలంటే ఆయనే నోరు తెరిచి అడుగుతారు బాబాయ్ గారూ. నోరుంది కదా ఆయనకి." వీరవేణి కంప్యూటరు మీద నుంచి తల తిప్పి చూసింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళుగా మా గుమ్మంలోనే ఉన్నారు. ఒక్కసారైనా లోపలికొచ్చి ఏదీ అడగలేదేంటి?"

బుల్లిరాజు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమటేమీ లేదు. "టీ పంపిస్తాను" అని వచ్చినదారినే వంగి వెళ్ళిపోయాడు. కాసేపటికి టీ అతనే తెచ్చి ఇచ్చాడు. వద్దన్నా చక్కెర ఎక్కువ వేశాడు.

వీరవేణి ఆ సాయంత్రమే మిషను స్కూలు గేటు దగ్గర నిలబడి, పిల్లల్ని పంపిస్తున్న ఆశాజ్యోతితో, "రేపు రండి. రేపు మీరొక్కరే కాదు, అందరూ అంతే" అని చెప్పి వచ్చింది.

శనివారం సాయంత్రం బెంచీలు నిండాయి. లోపల కంప్యూటర్లూ నిండాయి. గోరింకలు తీగ మీద బారుగా కూచుని, నోళ్ళు తెరిచి, మూసి, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఒకటి ముందుకు జరిగి చూసింది, ఒకటి తలకిందులుగా వేలాడి చూసింది. జనం టీ గ్లాసులు పట్టుకుని తలలెత్తి ఎదురుచూస్తున్నారు. ఒక్క మాట కూడా రాలేదు.

"లోపల ఎవరున్నారు?" అంది రామతులసి గారు లేచి నిలబడి. "ఏం జరుగుతోంది లోపల?"

ఆవిడ మెట్ల దగ్గరకొచ్చిందంటే మూల కంప్యూటరు ముందు ఎవరున్నారో కనబడుతుంది. అప్పుడు బుల్లిరాజు స్టవ్వు కట్టేసి, గరిటె పక్కన పెట్టి, మెట్లకు అడ్డంగా వచ్చాడు.

"ఏం లేదమ్మగారూ, ఈ రోజు నుంచీ అందరి మాటా లోపలే ఉంటుందంట. నాదీ అంతే. నేనూ అడగడానికే వెళ్తున్నాను."

"నువ్వా? నువ్వేం అడుగుతావయ్యా?"

"అది చెప్పేస్తే ఇంక లోపలికెళ్ళడం ఎందుకండి" అని లోపలికొచ్చాడు. మొదటి కంప్యూటరు ముందు కూచున్న కాలేజీ కుర్రాడు లేచి చోటిచ్చాడు. బుల్లిరాజు రెండు చేతులూ తొడలకు రుద్దుకుని, ఒక్క వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో కొట్టాడు. ఏం కొట్టాడో వీరవేణి చూడలేదు. చదువుతున్నంతసేపూ అతని పెదాలు కదలడం, ఒకచోట తువ్వాలు కళ్ళకు అద్దుకోవడం మాత్రం కనబడింది. బయట రామతులసి గారు మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. బుల్లిరాజుకే ఒక మాట ఉందంటే, ఎవరికి లేదు?

మూల కంప్యూటరు ముందు ఆశాజ్యోతి కదలకుండా చదువుతోంది. వీరవేణి ఆమె తెర వంక చూడలేదు గానీ మొహం వంక చూడకుండా ఉండలేకపోయింది. చాలాసేపు ఆ మొహంలో ఏమీ లేదు. తర్వాత ఆమె ఎడమచెయ్యి మెల్లగా వచ్చి కడుపు మీద ఆనింది. అలాగే ఉంచుకుని మిగతాదంతా చదివింది. చదివిందే మళ్ళీ మొదటి నుంచి చదివింది.

లేచి కౌంటరు దగ్గరకొచ్చి, "మందుందంటండి" అంది. "ఇప్పటి నుంచీ వాడితే బిడ్డకు రాకుండా ఆపొచ్చంట. పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తారంట. పేరు కూడా బయటికి రానివ్వరంట."

"వెళ్ళండి. ముందు ఆయనకు చెప్పండి" అంది వీరవేణి. ఆశాజ్యోతి మెట్లు దిగుతుంటే బెంచీల మీద ఎవరూ తల తిప్పలేదు. అప్పటికే గోరింకలు విసుగొచ్చి, తమలో తాము ఏదో పురుగు గురించి గోరింకల భాషలో కొట్లాడుకుంటున్నాయి, జనం నోళ్ళు వెళ్ళబెట్టి దాన్నే చూస్తున్నారు. సోమవారం పొద్దున పాసింజరులో మొగుడూ పెళ్ళాం రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్ళారు.

నెట్ సెంటరుకు మొదట్లో బేరం పడిపోయింది. బుల్లిరాజు రెండు బెంచీలు లోపల పెట్టేశాడు, అయినా వీరవేణిని ఒక్క మాట అనలేదు. తర్వాత కొత్త మనుషులు రాసాగారు. ఇన్నాళ్ళూ ఆ గుమ్మం తొక్కనివాళ్ళు. మీసాలొచ్చిన కొడుకున్న తండ్రి, ముగ్గురు కూతుళ్ళ తల్లి, రిటైరైన పోస్టుమాస్టరు. వచ్చేవారు, అడిగేవారు, కాసేపు ఊరికే కూచుని వెళ్ళిపోయేవారు. ఒక మధ్యాహ్నం రామతులసి గారు కూడా చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "ఎక్కడ నొక్కాలమ్మా?" అంది. వీరవేణి చూపించి అటు తిరిగి కూచుంది. ఆవిడ వెళ్ళేటప్పుడు వీరవేణి తల మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఎవరి చేతా ఇల్లు ఖాళీ చేయించలేదు.

పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఏదో ఒకటి ఉండేది. ఒకరోజు చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం, ఒకరోజు ఆకులో చుట్టిన మల్లెపూలు, ఇంకోరోజు పట్టిసీమ ప్రసాదం. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిసేది కాదు. వీరవేణి కళ్ళకద్దుకుని తీసుకునేది. ఊరిలో ఇంతమంది లోపల ఇంత బరువు మోస్తూ తిరిగారా, అందులో కాస్త దించుకోవడానికి తన కొట్టే దొరికిందా అని ఆవిడకు కృతజ్ఞతగా ఉండేది.

ఆశాజ్యోతికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు నడక వచ్చాక, చివరి రక్తపరీక్ష కూడా అయ్యాక, ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా పిల్లను చంకనేసుకుని వీరవేణి ఇంటికి వచ్చింది. తెల్లచీర, తలలో కనకాంబరాలు.

"పాపకు ఏమీ లేదంటండి. ఇంక రాదంట కూడా. నేనూ మందులు వాడుతున్నాను, బాగానే ఉన్నాను" అంది. తర్వాత గుమ్మం వంక చూసింది. ఎవరూ లేరు. "అక్కా" అంది మొదటిసారి. దగ్గరకు జరిగి, వీరవేణి చెవిలో ఆ జబ్బు పేరు చెప్పింది.

వీరవేణి విస్తుపోయింది. "ఎందుకమ్మా నాకు చెప్పడం? నేను అడగలేదే!"

"అడగలేదు కాబట్టేనండి" అంది ఆశాజ్యోతి. "ఆయనకూ డాక్టరుకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరికి ఎవరికైనా చెప్పుకోవాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ఎవరికి చెప్పాలో నేనే చూసుకున్నాను."

వీరవేణి పాపను అందుకుని చంకనేసుకుంది. రెండో చేత్తో ఆశాజ్యోతి చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి నడిపించి, పీట వాల్చి, తన కంచంలోనే అన్నం వడ్డించి ముందు పెట్టింది.